విమానం నడపడం నేర్పేవాళ్ళు ఏం చదువుతారు?

పైలట్లు ఎలా తయారవుతారో మనలో చాలామందికి కొంత తెలుసు. ప్లస్ టూలో ఫిజిక్సు, లెక్కలు తీసుకోవాలి, ఫ్లయింగ్ స్కూల్లో చేరాలి, 200 గంటలు విమానం నడపాలి, పరీక్షలు పాసవ్వాలి, కమర్షియల్ లైసెన్సు తెచ్చుకోవాలి. కెరీర్ గైడెన్స్ రోజున ఏటా ఇవే చెబుతారు. కానీ ఆ 200 గంటల్లో మొట్టమొదటి గంట పక్క సీట్లో కూర్చుని నేర్పే మనిషి ఎలా తయారవుతారో ఎవరూ చెప్పరు. మా అక్క పుస్తకాల సంచితో మా క్వార్టర్స్‌లో దిగేదాకా మాకూ తెలియదు.

అక్క అంటే మా పెదనాన్నగారి అమ్మాయి. లైసెన్సు వచ్చి రెండేళ్ళయినా ఎయిర్‌లైన్ ఉద్యోగం ఇంకా రాలేదు. ఇన్‌స్ట్రక్టర్ అయితే జీతం వస్తుంది, లాగ్‌బుక్‌లో గంటలూ పెరుగుతాయి. మన దేశంలో ఆ దారిలో మొదటి మెట్టు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్, తర్వాతిది ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళు రెండో మెట్టు వాళ్ళ పర్యవేక్షణలోనే పాఠం చెప్పాలి. నాన్నది వాతావరణ శాఖ ఉద్యోగం. విశాఖపట్నం, గువాహటి అయ్యాక ఇప్పుడు నాగ్‌పూర్‌లో ఉన్నాం. అక్కకి ఈ పక్కనే ఒక క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ కుదరడంతో రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది. పగలు విమానం, రాత్రి పుస్తకాలు. మధ్యలో ఖాళీ దొరికితే మేమిద్దరం ఆమెకి విద్యార్థులం. పాఠం చెప్పడం అలవాటు కావాలంటే ఎవరో ఒకరికి చెప్పాలి కదా!

ఆ రెండు నెలల్లో ఆ పుస్తకాల గురించి మాకు తెలిసింది రాద్దామనుకున్నాం. మనలో కొందరైనా పైలట్ అవుదామనుకుంటున్నారు. ఆ కొందరిలో ఒకరిద్దరైనా రేపు నేర్పే సీట్లో కూర్చుంటారు.

సంచిలోంచి మొదట బయటికి వచ్చింది స్పైరల్ బైండింగ్ చేసిన లావుపాటి ప్రింటవుట్. పేరు 'ఏవియేషన్ ఇన్‌స్ట్రక్టర్స్ హ్యాండ్‌బుక్'. అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రచురించింది. విమానాల బొమ్మలుంటాయని ఆశగా తెరిస్తే, మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎందుకు భయపడతాడు, ఎందుకు మరిచిపోతాడు, తప్పు చేసినప్పుడు ఏ సాకులు చెబుతాడు అని అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. రెక్కలు, ఇంజన్లు వేరే పుస్తకాల్లో ఉన్నాయట. "నడపడం నాకు వచ్చు కదా, ఇప్పుడు చదవాల్సింది మీ గురించి" అంది అక్క.

ఇది అమెరికావాళ్ళ అలవాటు మాత్రమే కాదు. భారతదేశంతో సహా దాదాపు అన్ని దేశాలూ సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, లైసెన్సుల గురించి ఒక నిబంధనల పత్రం పెట్టింది. దాని పేరు అనెక్స్ 1. ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌కి ఏమేం తెలిసి ఉండాలో అందులో వరసగా రాశారు. నేర్చుకునే ప్రక్రియ, పాఠ ప్రణాళిక, తరగతి గదిలో చెప్పే పద్ధతులు, బోధనోపకరణాల వాడకం, విద్యార్థి తప్పుల్ని విశ్లేషించి సరిదిద్దడం. ఆ జాబితా చూసి అమ్మ నవ్వింది. "ఇది మా బి.ఎడ్. సిలబస్సే!"

అమ్మ మాట నిజమే. అమెరికా నిబంధనల ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునే పైలట్ 'బోధన మూలసూత్రాలు' అనే రాతపరీక్ష పాసవ్వాలి. అక్కడ ఏడో తరగతికి గానీ ఆ పైన గానీ పాఠం చెప్పే అర్హత ఉన్న టీచర్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఆ పరీక్ష రాయనక్కర్లేదు. అంటే ఏడో తరగతికి లెక్కలు నేర్పగలిగిన మనిషికి గాల్లో నేర్పడంలో సగం పని వచ్చినట్టేనని చట్టమే ఒప్పుకుంటోందన్నమాట. మన సార్లకీ మేడమ్‌లకీ ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తారు. (విమానం నడపడం మాత్రం విడిగా నేర్చుకోవాలి సార్!)

ఇంతకీ పైలట్‌కి బి.ఎడ్. సంగతులు ఎందుకు? అక్క మాకు మొదటి పాఠం చెప్పిన రోజున అది తెలిసింది.

పాఠం పేరు 'స్టాల్'. అక్క బోర్డు మీద రెక్క అడ్డుకోత గీసి, బాణాలు వేసి, పావుగంట చెప్పింది. మేము తలలూపాం. అమ్మ వంటింట్లోంచి అడిగింది: "అంటే మన స్కూటర్ ఆగిపోయినట్టు గాల్లో ఇంజన్ ఆగిపోతుందా అమ్మాయ్?" మేమూ అదే అనుకున్నాం. అక్క చాక్‌పీసు కింద పెట్టి కూర్చుండిపోయింది. స్టాల్‌కి ఇంజన్‌తో సంబంధమే లేదు. ఇంజన్ పూర్తి బలంతో తిరుగుతున్నా స్టాల్ అవుతుంది. ఆ మాట ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. తనకి ఎప్పుడో తెలిసిపోయిన సంగతి కాబట్టి, చెప్పాలని తోచలేదు.

హ్యాండ్‌బుక్‌లో దీని గురించి ఒక భాగమే ఉంది. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య అడ్డంకులు ఏమిటని. మొదటిది, ఇద్దరికీ ఉమ్మడి అనుభవం లేకపోవడం. రెండోది, ఒకే మాటకి ఇద్దరి మనసుల్లో రెండు వస్తువులు ఉండడం. ఈ రెండింటి గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గువాహటిలో చేరిన మొదటి వారం మాలో చిన్నది క్లాసులో 'దాదా' అంటే తాతయ్య అనుకుంది. హిందీ పుస్తకంలో దాదా తాతయ్యే. అక్కడి పిల్లలకి దాదా అంటే అన్నయ్య. తొమ్మిదో తరగతి అన్నయ్యని పట్టుకుని అంత చిన్న వయసులో తాతయ్య ఎలా అయ్యారని అడిగితే క్లాసంతా నవ్వింది. మూడేళ్ళకో ఊరు మారే పిల్లలం కాబట్టి, పైలట్లు కష్టపడి చదివే ఆ అధ్యాయం మనం సగం బతికేశాం.

మర్నాడు అక్క బోర్డు జోలికి పోలేదు. సంక్రాంతికి మేము దాచుకున్న గాలిపటం తెమ్మంది. గాలిపటానికి మధ్యలో కట్టే దారం ముడిని కాస్త పైకీ కిందికీ జరిపి చూపించింది. ముడి ఒకచోట ఉంటే పటం గాలికి కొద్దిగా వాలి ఎగురుతుంది. జరపాల్సిన దానికంటే ఎక్కువ జరిపితే గాలికి దాదాపు అడ్డంగా నిలబడి, కొట్టుకుని, కూలిపోతుంది. రెక్క కూడా అంతే. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య ఉండే కోణం పెరిగేకొద్దీ రెక్క మీద ఎత్తే బలం పెరుగుతుంది. చిన్న శిక్షణ విమానాల్లో ఆ కోణం సుమారు 15 నుంచి 18 డిగ్రీలు దాటగానే రెక్క పైభాగం నుంచి గాలి విడిపోతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. అదీ స్టాల్. వేగం తక్కువైతేనే అవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, కోణం దాటితే ఏ వేగంలోనైనా అవుతుంది. ఈసారి అమ్మకి కూడా అర్థమైంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఆ హ్యాండ్‌బుక్‌లో మనిషి నేర్చుకునే తీరు గురించి కొన్ని నియమాలున్నాయి. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, అవి గడియ తీసుకుని బయటపడడం ఎలా నేర్చుకుంటాయో చూశాడు. సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అనే మూడు నియమాలు ఆయనవే. అమ్మకి ఇవి ఇప్పటికీ నోటికి వచ్చు. తర్వాతి వాళ్ళు మరికొన్ని చేర్చారు. వాటిలో ఒకటి తొలిముద్ర నియమం. మొదట నేర్చుకున్నది అన్నిటికంటే గట్టిగా నాటుకుంటుంది. తప్పుగా నేర్చుకున్నదాన్ని తర్వాత చెరపడం, కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

వినడానికి మామూలుగా ఉంది కదా. అక్క తన సంగతి చెప్పాక మాకు మామూలుగా అనిపించలేదు.

అక్క మొదటిసారి విమానం ఎక్కిన రోజున ఆమె ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన మొదటి మాట ఇది: "స్టిక్ వెనక్కి లాగితే విమానం పైకి వెళ్తుంది, ముందుకి తోస్తే కిందికి వెళ్తుంది." మనం కూడా కంప్యూటర్ గేముల్లో ఇదే నేర్చుకున్నాం. మామూలుగా ఎగురుతున్నప్పుడు అలాగే జరిగినట్టు కనిపిస్తుంది కూడా. కానీ స్టిక్ నిజంగా మార్చేది రెక్క గాలిని ఎదుర్కొనే కోణాన్ని. విమానాన్ని ఎక్కువసేపు పైకి తీసుకెళ్ళేది ఇంజన్ బలం. ఇంజన్ అందించే బలం చాలనప్పుడు స్టిక్ లాగుతూ పోతే విమానం ఎక్కదు. వేగం పోగొట్టుకుని, కోణం దాటి, స్టాల్ అవుతుంది. అప్పుడు బయటపడాలంటే ముందుకి తోయాలి. అంటే కిందికి పోతున్న విమానం ముక్కుని ఇంకా కిందికి దించాలి.

రన్‌వే మీద దిగడానికి చివరి మలుపు తిరుగుతున్న కుర్రాడిని ఊహించుకోండి. ఎత్తు ఐదారు వందల అడుగులు. మలుపు ఆలస్యమైంది, నేల దగ్గరవుతోంది, కంగారు పుట్టింది. కంగారులో చెయ్యి చేసేది నిన్న చదివింది కాదు, మొదటిరోజు నేర్చుకున్నది. "లాగితే పైకి వెళ్తుంది." లాగుతాడు. ఆ ఎత్తులో స్టాల్ అయితే సర్దుకోవడానికి జాగా ఉండదు. ప్రపంచమంతా శిక్షణ విమానాలు ఇలా కూలాయి, ఇప్పటికీ కూలుతున్నాయి. మొదటి గంటలో నేర్పేవాడు సులువుగా ఉంటుందని అన్న ఒక్క వాక్యం, ఎన్నో నెలల తర్వాత, అతను పక్కన లేనప్పుడు పనిచేస్తుంది. "నాకు ఆ అలవాటు పోవడానికి ఎన్ని గంటలు పట్టిందో లాగ్‌బుక్‌లో లేదు. నా విద్యార్థికి మొదటి గంటలో ఏ మాట చెప్పాలో వెతుక్కోవడానికే ఇవన్నీ చదువుతున్నా" అంది అక్క.

ఆ మాట వెతకడానికి ఆమె ఎక్కువగా తిరగేసిన పుస్తకం ఇంకొకటి. వోల్ఫ్‌గాంగ్ లాంగ్‌వీషే రాసిన 'స్టిక్ అండ్ రడ్డర్'. 1944లో అచ్చయింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. లెక్కలు దాదాపు ఉండవు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే పట్టుదల, ఎదురుగాలికీ రెక్కకీ మధ్య కోణం అర్థమైతే విమానమంతా అర్థమైనట్టేనని. పైకి ఎక్కించే మీట అని అందరూ అనుకునే ఎలివేటర్ నిజానికి ఆ కోణాన్నీ, దాని ద్వారా వేగాన్నీ అదుపు చేసేదని ఓపికగా వాదిస్తాడు. పడవకి చుక్కానిలా విమానాన్ని తిప్పుతుందని అనుకునే రడ్డర్ పని కూడా అది కాదని చూపిస్తాడు. విమానాన్ని తిప్పేది రెక్కల వాలు. మాలో పెద్దవాడు ఇందులో నాలుగు అధ్యాయాలు చదివాడు, పదకొండో తరగతి ఫిజిక్స్‌తో అర్థమయ్యాయి. విమానాల మాటలు కొన్ని పాతబడ్డాయి, వాక్యాలు సాగదీసినట్టుంటాయి. అయినా సంచిలో ఉన్నవాటిలో కథలా చదివించేది ఇదొక్కటే. ఇన్‌స్ట్రక్టర్ హ్యాండ్‌బుక్ మాత్రం, నిజం చెప్పాలంటే, ఉప్పులేని పప్పు.

ఇన్‌స్ట్రక్టర్ కూడా చదువుకోవాలనే ఆలోచన విమానంతో పాటే పుట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటన్‌లో, యుద్ధం నుంచి అలసిపోయి వచ్చిన పైలట్లని నేర్పడానికి పెట్టేవారు. విద్యార్థి అంటే వాళ్ళకి భయం, విసుగు. శిక్షణలోనే ఎందరో పోయేవారు. రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి ఇది చూడలేక పై అధికారులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి గోస్‌పోర్ట్ అనే ఊళ్ళో ఒక దళాన్ని ఆయన చేతికిచ్చారు. ఆయన చేసిన మార్పులు చూడండి. రెండు సీట్లలోనూ మీటలున్న ఆవ్రో 504 విమానాల్లో నేర్పడం మొదలుపెట్టాడు. ప్రమాదకరమైన స్థితుల్ని తప్పించుకు తిరగడం మాని, విద్యార్థిని కావాలని వాటిలోకి తీసుకెళ్ళి, ఎందుకు అలా జరిగిందో చెప్పి, బయటపడడం నేర్పించాడు. ఇంజన్ హోరులో మాట వినబడడానికి ఇద్దరి మధ్య ఒక గొట్టం అమర్చారు. దానికి గోస్‌పోర్ట్ ట్యూబ్ అనే పేరు నిలిచిపోయింది. తర్వాత అక్కడ విద్యార్థులకే కాదు, ఇన్‌స్ట్రక్టర్లకీ నేర్పారు. మన వాయుసేనలోనూ ఆ ఏర్పాటు ఉంది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లకి నేర్పే అధికారులు మొదట తాము చెన్నై దగ్గరి తాంబరంలో ఉన్న ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్లో విద్యార్థులుగా కూర్చోవాలి. హైదరాబాద్ వైపు సెలవులకి వెళ్ళినప్పుడు ఆకాశంలో శిక్షణ విమానం కనిపిస్తే, లోపల ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఉన్నారని గుర్తుపెట్టుకోండి. ఒకరు ఎగరడం, ఒకరు నేర్పడం.

గాల్లో నేర్పే పద్ధతిని కూడా హ్యాండ్‌బుక్ మెట్లుగా విడగొట్టింది. మొదట ఇన్‌స్ట్రక్టర్ చెబుతూ తానే చేస్తాడు. తర్వాత విద్యార్థి చెబుతాడు, ఇన్‌స్ట్రక్టర్ చేస్తాడు. ఆ తర్వాత విద్యార్థి చెబుతూ తానే చేస్తాడు. ఆఖరున విద్యార్థి చేస్తాడు, ఇన్‌స్ట్రక్టర్ గమనిస్తాడు. అక్కకి దీన్ని మా మీద ప్రయోగించే వీలు లేకపోయింది, ఇంట్లో విమానం లేదు కాబట్టి. స్కూటీ ఉంది. అమ్మకి స్కూటీ రాదు. పెళ్ళైన దగ్గర్నుంచి ప్రతి ఊళ్ళోనూ "ఈ ఊళ్ళో నేర్చుకుంటా" అంటుంది, ఇంతలో ట్రాన్స్‌ఫర్ వస్తుంది. లెర్నర్ లైసెన్సు తీసుకుని, ఆదివారం పొద్దున్నే క్వార్టర్స్ గ్రౌండ్‌కి అందరం వెళ్ళాం.

రెండో మెట్టు ఎంత గొప్పదో అక్కడ చూశాం. అమ్మ చెప్పాలి, అక్క సీటు మీద కూర్చుని అమ్మ చెప్పింది మాత్రమే చేయాలి. "తాళం తిప్పు" అంది అమ్మ. అక్క తిప్పింది. "ఆ బటన్ నొక్కు." నొక్కింది. స్టార్ట్ కాలేదు. "బండి పాడైంది" అంది అమ్మ. అక్క ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి అమ్మకే తట్టింది, బ్రేకు పట్టుకోమని చెప్పలేదని. గేర్లు లేని బండికి బ్రేకు పట్టుకోకపోతే స్టార్టర్ పనిచేయదు. మేమైతే వెంటనే చెప్పేసేవాళ్ళం. అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ బ్రేకు మరచిపోలేదు. చేతులు చేసే పనిలో ఏది తెలియకుండా పోతోందో, నోటితో చెప్పించినప్పుడు బయటపడుతుందన్నమాట. 'బండి పాడైంది' అనే మాటకి కూడా ఆ పుస్తకంలో చోటుంది. తప్పు చేసిన మనిషి తనని తాను కాపాడుకోవడానికి నిందని వేరేదాని మీదకి తోయడం. విద్యార్థి అలా అన్నప్పుడు కోప్పడకూడదట, వెక్కిరించకూడదట. మేము వెక్కిరించాం. అక్క మమ్మల్ని గ్రౌండ్ అవతలికి పంపేసింది.

ఇంకో అలవాటు కూడా అక్కడే పట్టించింది. రెండు జతల మీటలున్న విమానంలో ఇప్పుడు నడుపుతున్నది ఎవరు అన్న అనుమానం ఒక్క క్షణం కూడా ఉండకూడదు. తాను నడుపుతున్నానని ఇద్దరూ అనుకుంటే మీటల దగ్గర కుస్తీ జరుగుతుంది. ఎదుటివాళ్ళు నడుపుతున్నారని ఇద్దరూ అనుకుంటే అంతకన్నా ఘోరం. అందుకే అప్పగింత మూడు మాటల్లో జరగాలని పుస్తకం చెబుతుంది. "మీ చేతిలో." "నా చేతిలో." "మీ చేతిలో." అప్పగించేవాళ్ళు, తీసుకునేవాళ్ళు, మళ్ళీ అప్పగించేవాళ్ళు, కంటితో చూసి మరీ. రెండో ఆదివారానికి అమ్మా అక్కా హ్యాండిల్ మార్చుకున్నప్పుడల్లా ఇలాగే అనుకునేవారు. "బండి నీ చేతిలో పిన్నీ." "నా చేతిలో." "నీ చేతిలో." క్వార్టర్స్‌లో ఆంటీలు కిటికీల్లోంచి వింతగా చూసేవారు.

మిగతా పుస్తకాల గురించి త్వరగా చెప్పేస్తాం. 'పైలట్స్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఏరోనాటికల్ నాలెడ్జ్' విమానం గురించి తెలియాల్సిన మొత్తం సంగతుల పుస్తకం, రంగుల బొమ్మలతో. తొమ్మిదో తరగతి నుంచే తిరగేయవచ్చు. 'ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్' ఒక్కో విన్యాసాన్నీ ఎలా చేయాలో, విద్యార్థులు సాధారణంగా ఎక్కడ తప్పుతారో చెబుతుంది. ఆ తప్పుల జాబితాలే ఇన్‌స్ట్రక్టర్‌కి బంగారమని అక్క వాటి చుట్టూ ఎర్రగీతలు గీసుకుంది. ఇవన్నీ ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పైలట్ శిక్షణకి లక్షలు కావాలన్న మాట నిజమే. చదవడానికి మాత్రం మీ స్కూలు కంప్యూటర్ ల్యాబు చాలు. వీటితో పాటు, ఏ విమానంలో నేర్పుతారో దాని కంపెనీ ఇచ్చే ఆపరేటింగ్ హ్యాండ్‌బుక్‌ని అట్ట నుంచి అట్ట దాకా చదవాలి. అక్క క్లబ్బులో ఉన్నది సెస్నా 172.

అమెరికా పుస్తకాలతో ఒక చిక్కు ఉంది. అక్కడ ఆల్టిమీటర్‌ని అంగుళాల పాదరసంలో సరిచేస్తారు, ప్రామాణిక విలువ 29.92. ఇక్కడ టవర్ హెక్టోపాస్కల్స్‌లో చెబుతుంది, అదే విలువ 1013. చట్టాలూ వేరు. కాబట్టి మన దేశంలో నేర్పేవాళ్ళు 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌నీ, వాటికి వచ్చిన సవరణల్నీ విడిగా చదవాలి. డీజీసీఏ పరీక్షలకి విద్యార్థులు ఎక్కువగా పట్టుకు తిరిగేవి ఆర్.కె. బాలి 'ఎయిర్ రెగ్యులేషన్స్', ఐ.సి. జోషి 'ఏవియేషన్ మెటియరాలజీ'. విద్యార్థి చదివే పుస్తకం ఇన్‌స్ట్రక్టర్‌కి అంతకంటే బాగా తెలిసి ఉండాలి కాబట్టి అవీ సంచిలో ఉన్నాయి.

వాతావరణం దగ్గర నాన్న రంగంలోకి దిగారు. విమానాశ్రయాల నుంచి వెళ్ళే వాతావరణ నివేదికల్లో 27008కేటీ లాంటి ముక్కలుంటాయి. గాలి 270 డిగ్రీల నుంచి, అంటే పడమర నుంచి, 8 నాట్ల వేగంతో వీస్తోందని అర్థం. నాన్న ఉద్యోగం ఇదే అయినా ఆ ముక్కని అవతల ఎవరు ఎలా వాడతారో మేమెప్పుడూ ఆలోచించలేదు. ఒక రాత్రి అక్క ఆయన ముందు కాగితం పెట్టింది. "బాబాయ్, మే నెలలో 45 డిగ్రీలున్న రోజు ఇక్కడి రన్‌వే మీద నా విమానం ఎంత ఎత్తులో ఉన్నాననుకుంటుంది?"

లెక్క మేమే చేశాం. నాగ్‌పూర్ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,030 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. 45కీ దానికీ తేడా 32. డిగ్రీకి 120 అడుగులు కలపాలని పైలట్లు వాడే అంచనా సూత్రం. 32ని 120తో గుణిస్తే 3,840. రెండూ కలిపితే, వాయుపీడనం మామూలుగా ఉందనుకుంటే, దాదాపు 4,900 అడుగులు. అంటే నేల మీద నిలబడి ఉన్నా, గాలి అంత పల్చగా ఉంటుంది. రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కి ఊపిరి తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి. పొద్దున్న ఆరింటికి సులువుగా లేచిన విమానం మధ్యాహ్నం రెండింటికి లేవడానికి ఆయాసపడుతుంది. మన క్లాసులో చెప్పే సాంద్రత పాఠమే ఇది. ఊరు మారితే సమాధానం మారుతుంది, విశాఖపట్నానికీ లేహ్‌కీ లెక్క వేసి చూడండి.

సంచి అడుగున ఉన్నవి పుస్తకాలు కావు, ప్రమాద నివేదికలు. మన దేశంలో విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ, ఏఏఐబీ, 2012లో ఏర్పడింది. దాని నివేదికలు ఎవరైనా చదవవచ్చు. శిక్షణ విమానాలవీ అందులో ఉంటాయి. తప్పు ఎవరిదో తేల్చి శిక్షించడం తమ ఉద్దేశం కాదని, మళ్ళీ జరగకుండా చూడడమేనని వాళ్ళు ముందే రాస్తారు. అక్క వాటిని రాత్రి పూట చదివేది కాదు. పగలు, పెన్సిల్ పట్టుకుని, ఒకటే ప్రశ్నతో చదివేది. ఈ విద్యార్థికి ఈ సంగతి మొదట ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు? నివేదికలో దానికి జవాబు ఎప్పుడూ ఉండదు. వాటిని మాకు ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

పరీక్షలో అక్క ఎగజామినర్‌ని విద్యార్థి అనుకుని పాఠం చెప్పాలి. నేల మీద ఒకసారి, గాల్లో ఒకసారి. మొదటి పాఠం స్టిక్ గురించి వస్తే ఏమనాలో రాసుకుంది, కొట్టేసింది, మళ్ళీ రాసుకుంది. ఇప్పటికి మిగిలిన వాక్యం ఇది: "స్టిక్ రెక్క కోణాన్ని మారుస్తుంది. ఆ కోణం ఏం చేస్తుందో ఇప్పుడు కలిసి చూద్దాం." మాలో చిన్నదాని మీద దాన్ని మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి చిన్నది "అయితే పైకి వెళ్ళాలంటే?" అని అడిగింది. ఆ ప్రశ్న రావాలనే అక్క ఎదురుచూసిందట.

ఇది రాస్తుండగా నాన్నకి మళ్ళీ ఆర్డర్ వచ్చింది. పెట్టెలు సర్దుతున్నాం. అమ్మ నిన్న ఒక్కతే స్కూటీ మీద కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి వచ్చింది. అక్క క్లబ్బు హాస్టల్‌కి మారిపోయింది, పరీక్ష వచ్చే నెల. స్పైరల్ బైండింగ్ ప్రింటవుట్ పొరపాటున మా పెట్టెలో కలిసిపోయిందని ఫోన్ చేసింది. వెతికి తీశాం. తొలిముద్ర నియమం ఉన్న పేజీలో చిన్నది గాలిపటం బొమ్మ వేసింది. చెరిపేయాలా అని అడిగితే, అలాగే పంపమంది.